రాణి కుడి చెయ్యి

మొన్న శుక్రవారం ఒక టీచరమ్మ కువైట్‌లోని నా దర్జీ షాపులోకి వచ్చింది. మిషన్ వెనక గోడకు వేలాడుతున్న నీలం గౌను వంక చూసి, "అది అద్దెకిస్తారా? మా స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ ఉంది" అని అడిగింది. ఇవ్వనన్నాను. "పోనీ అమ్ముతారా?" అమ్మనన్నాను. "మరి జనానికి కనబడేట్టు ఎందుకు తగిలించారు?" అని విసుక్కుంటూ వెళ్లిపోయింది. నా షాపులో నా మేకుకు నేనేం తగిలించుకుంటే ఆమెకేం అనాల్సింది. ఆ మాట ఆమె రోడ్డు దాటాక తోచింది. నాకెప్పుడూ ఇంతే. మాట పడటం వెంటనే జరుగుతుంది, జవాబు ఆలస్యంగా వస్తుంది. అందుకే ఏదీ మర్చిపోను. జవాబు చెప్పేసినవాళ్లు మర్చిపోగలరు.

ఆ గౌను ఒక ముసలావిడ కుట్టించింది. ఆవిడ పేరు నాకు తెలీదు. ఆవిడ నా పేరు అడగలేదు, నేనూ ఆవిడ పేరు అడగలేదు. ఆవిడకు నేను ఖయ్యాత్‌ని. అరబీలో దర్జీ అని. మొదటి రోజు మర్యాదకు "ఖాలా" అన్నాను, మనం పెద్దమ్మా అన్నట్టు. ఆవిడ కళ్లద్దాల మీంచి చూసి, "మీ అమ్మకు నేనెప్పుడు అక్కనయ్యాను?" అంది. షాపులో నలుగురున్నారు. నలుగురూ నవ్వారు. ఆ తర్వాత నేను ఆవిడను ఏ వరసా పెట్టి పిలవలేదు. నా దగ్గర ఇస్త్రీ చేసే రాయచోటి మస్తాన్ మాత్రం రాణమ్మ అనేవాడు. చివరికి ఆ పేరే నిలిచింది.

ఆవిడ అరబ్బు కాదు. ఉత్తర ఇరాక్‌లో మోసుల్ దగ్గరి ఊరి మనిషి. అస్సిరియన్లంటారు వాళ్లను. క్రైస్తవులు, ఇంట్లో వేరే భాష మాట్లాడుకుంటారు. ఎప్పుడో పెళ్లి చేసుకుని కువైట్ వచ్చి, బడిలో పాఠాలు చెప్పి, మొగుడు పోయాక సాల్మియాలో ఒక గదిలో ఒంటరిగా ఉండేది. సాల్మియాలో దర్జీలు లేరా? ఉన్నారు. అందరితోనూ గొడవ పెట్టుకుంది. అందుకని రెండు బస్సులు మారి, ఇడ్లీలకూ బంగారానికీ మనవాళ్లు తోసుకునే, నా షాపున్న అబ్బాసియా సందుల్లోకి, నల్ల కోటు వేసుకుని, చేతిలో సంచితో, ఎవరికీ దారి ఇవ్వకుండా నడిచి వచ్చేది.

షాపులోకి అడుగు పెట్టేముందు సంచిలోంచి గుప్పెడు బియ్యం తీసి గడప ముందు చల్లేది. పావురాలు దిగేవి. అవి తిని ఊరుకుంటాయా? పైన ఏసీ డబ్బా మీద కాపురం పెట్టాయి. రెట్ట పడి ఒక పెళ్లి జాకెట్ పాడైంది. ఆ సంగతి చెబితే, "మా రాణిని పెంచింది అవే, మర్యాదగా మాట్లాడు" అంది.

రాణి అంటే షమీరాం. మిగతా లోకం సెమిరామిస్ అంటుందట, ఆవిడ ఆ పేరు పలకనిచ్చేది కాదు. వేల ఏళ్ల కిందటి మహారాణి. పుట్టగానే తల్లి రాళ్ల మధ్య వదిలేసి పోతే, పావురాలు ముక్కుతో పాలు తెచ్చి పోసి, రెక్కలు కప్పి సాకాయి. పెద్దయి రాజును చేసుకుంది, రాజు పోయాక సైన్యం నడిపింది, చివరికి తనే పావురమై ఎగిరిపోయింది. కథ వేరు, నిజం వేరు అని ఆవిడే చెప్పేది. నిజంగా ఉన్న రాణికి కొడుకు చిన్నవాడు, వాడితోపాటు యుద్ధానికి నది దాటిందట. రాజులందరికీ నిలబెట్టిన రాళ్ల వరసలో ఆమె పేరుతోనూ ఒక రాయి ఉందట. "మొగాళ్ల వరసలో," అని వేలెత్తి చెప్పేది. వాళ్ల వైపు ఎవరు కట్టారో తెలీని కోట గానీ, కాలవ గానీ కనబడితే జనం ఆమె కట్టిందనే అంటారట. ఆడా మగా తేడా తెలీని బట్టలు మొదట కుట్టించిందీ ఆమేనట. అది చెబుతూ కోటు కింద తను వేసుకున్న ప్యాంటు చూపించింది. "నీకు అన్నం పెట్టే కుట్టుపని మా రాణిది, ఖయ్యాత్."

"మా ఊళ్లోనూ బట్టలు కుట్టేవాళ్లున్నారు" అన్నాను.

"ఉన్నారు. కుట్టారు కూడా. నేను చూస్తున్నాను గదా" అంది, నేను కుట్టిన పరదా వంక చూస్తూ.

ఆవిడ మొదట తెచ్చింది ఒక రంగుల బొమ్మ. నీలం అంగీ, అంచులకు బంగారు కుచ్చులు, రెండు చేతుల్లో రెండు తెల్ల పావురాలు. ఏప్రిల్ మొదట్లో వాళ్లకు కొత్త సంవత్సరం, మన ఉగాదికి అటూ ఇటూగా. ఆ రోజు వాళ్లలో ఒక పిల్ల రాణి వేషం వేసి జనం మధ్య ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. మిగతా దేశాల్లో వీధుల్లో నడుస్తారట, ఇక్కడ ఎవరిదో ఇంటి కింద సర్దాబ్‌లో. నేలమాళిగను ఇక్కడ అలా అంటారు. ఆ పిల్లకు గౌను కావాలి.

నాకు తెలిసిన రాణి ఒక్కతే. మా నాయన దర్జీ కొట్లో వీధినాటకాల వాళ్లకు కుట్టిన రాణి. బొమ్మలోది ఎండకు వెలిసినట్టుంది, పాపం రాణి కదా అని నేనే ఒక మెట్టు పెంచాను. వెల్వెట్ వేశాను. ఒళ్లంతా చమ్కీలు కుట్టాను. భుజాలకు అట్టముక్కలతో భుజకీర్తులు చేసి బంగారు కాగితం అంటించాను. మస్తాన్ చూసి, "అన్నా, ఇది స్టేజీ ఎక్కితే మైకు గూడా దండం పెడ్తాది" అన్నాడు.

ఆవిడ చూసింది. చుట్టూ తిరిగి మళ్లీ చూసింది. తర్వాత షాపంతా వినబడేట్టు, "ఖయ్యాత్, నేను అడిగింది రాణినా, పెళ్లి గుర్రాన్నా?" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. భుజకీర్తులు ఊడదీయించింది. చమ్కీలు ఒక్కొక్కటీ పక్కన కూర్చుని తీయించింది. వెల్వెట్ పక్కన పడేసి మామూలు నీలం నూలుబట్ట తెప్పించింది. కుచ్చులు మాత్రం ఉంచింది. అవి బాగున్నాయనలేదు. "ఇవి ఉండనీ" అంది, అంతే. తర్వాత గౌను తిరగేసి, లోపల కుట్ల వెంట నేను వదిలిన గుడ్డ పట్టుకుని లాగింది. "ఇంత ఎందుకు వదిలావు? మడతలు లావుగా కనిపిస్తాయి. కత్తిరించు."

కత్తిరించనన్నాను. ఆడపిల్లల బట్టలకు లోపల గుడ్డ వదలకుండా నేను కుట్టను. నా కూతురు పుట్టినప్పటి నుంచీ దానికి పరికిణీలు, గౌన్లు ఇక్కడే కుట్టి పంపేవాణ్ని. రెండేళ్లకొకసారి చూసే పిల్ల కొలత ఎవరికి తెలుసు? ఫోన్లో "ఎంత పెరిగినావు?" అంటే "గోడ మీద గీత దాటినా నాయనా" అంటుంది. ఆ గోడ నా దగ్గర లేదు. అందుకని నాలుగు పక్కలా గుడ్డ వదిలేవాణ్ని, వాళ్లమ్మ విప్పుకుంటుందని. ఈ మధ్య అది, "ఈసారి రెడీమేడ్‌ది కొని పంపు నాయనా, నీది వేసుకుంటే అందరూ నవ్వుతారు" అంది. అది వేరే సంగతి. అదీ మర్చిపోలేదు.

"కత్తిరించకపోతే వేరే దర్జీకి ఇస్తాను" అంది.

"ఇవ్వండి. ఇంకెవరు మిగిలారో చూసుకుని ఇవ్వండి" అన్నాను. జీవితంలో సమయానికి తోచిన జవాబు అదొక్కటే. ఆవిడ గౌను మడిచి నా బల్ల మీద పెట్టింది, గుడ్డ కత్తిరించకుండానే.

ఆ రోజే ఇంకో పని చెప్పింది. కుడి చేతికి, భుజం కింద, ఎర్ర దారంతో ఒక ముడి వెయ్యాలి. ఎందుకంటే షమీరాం అన్ని దేశాలూ గెలిచి చివరికి మన దేశం మీదికి వచ్చిందట. మనకు ఏనుగులున్నాయని విని, ఎద్దు తోళ్లు కుట్టించి, గడ్డి కూరి, ఒంటెల మీద కప్పి దొంగ ఏనుగులు చేయించిందట. దగ్గరికొచ్చేసరికి గుట్టు బయటపడింది. మన రాజు వేసిన బాణం ఆమె కుడి చేతికి తగిలింది. ఓడిపోయి వెనక్కి వెళ్లింది.

"హిందీవాళ్లు కొట్టారు," అంది నా వంక చూస్తూ. ఇక్కడ హిందీ అంటే ఇండియావాడు. "కుట్టినవాళ్లు దర్జీలు. వాళ్లు సరిగ్గా కుట్టి ఉంటే గెలిచేది. నువ్వు రెండూనూ."

"మా కడపోళ్లు గాదులేమ్మా, వేరే యవురో అయ్యుంటారు" అన్నాడు మస్తాన్ తెలుగులో. ఆవిడకు అర్థం కాలేదు గానీ వాడు నవ్వుతున్నాడని తెలిసి ఇస్త్రీ పెట్టె వైపు వేలు చూపించి, "పొగ వస్తోంది" అంది. నిజంగానే ఎవరిదో చొక్కా మాడింది.

నేను పాతికేళ్ల నాటి మాటలు మోస్తాననుకునేవాణ్ని. ఆవిడ ముందు నేనెంత? ఆవిడ మోసేవి వేల ఏళ్ల నాటివి. ఏ దేశంవాడు రాణి గురించి చెడ్డగా రాశాడో, ఏ కథలో ఆమెను మొగుణ్ని చంపిందన్నారో, ఏ దర్జీ తోలు సరిగ్గా కుట్టలేదో, అన్నీ నిన్న సాయంత్రం జరిగినట్టు చెప్పేది. సాల్మియాలో ఒక బ్యూటీ పార్లర్‌కు ఆ రాణి పేరు పెట్టారట. ఆవిడ లోపలికి పోయి, ఈ పేరు ఎవరిదో తెలుసా అని కౌంటర్ పిల్లను అడిగింది. ఓనరు కూతురిదేమో అందట ఆ పిల్ల. ఆ రోజు షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుని, మొదటిసారి నేనిచ్చిన టీ తాగింది. "మిగిలింది ఇంతే ఖయ్యాత్. బోర్డు మీద పేరు, గడప ముందు పావురాలు, ఒక గౌను."

టీ బాగుందో లేదో చెప్పలేదు.

ఏటా మార్చి చివర్లో ఆవిడ ఆ గౌను తెచ్చేది. ప్రతి ఏడూ వేరే పిల్ల కోసం. మొదటి పిల్ల ఆ ఏడు నడిచింది, వేసవిలో వాళ్ల కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. రెండో పిల్ల కొంచెం ఒడ్డూ పొడుగూ. కుట్లు విప్పి వెడల్పు చేశాను. ఆ పిల్ల స్వీడన్ వెళ్లింది. తర్వాత సన్నపిల్ల, మళ్లీ లోపలికి కుట్టాను. కెనడా. ఆవిడ ఎవరినీ తిట్టేది కాదు. గౌను బల్ల మీద పరిచి, "ఇది వెళ్లింది. ఇప్పుడిది" అని కొత్త కొలతలు రాసిన చీటీ పెట్టేది. వాళ్లందరి కొలతలూ ఎవరైనా గౌను చూస్తే ఇప్పటికీ చెప్పొచ్చు. పైన ఉన్న నీలం వెలిసింది. లోపలి నుంచి విడిచిన గుడ్డ ముదురు నీలం. విప్పిన ప్రతిసారీ ఒక ముదురు చార.

లోపల గుడ్డ వదిలినందుకే కదా ఇన్నిసార్లు పనికొచ్చింది, ఒక్కసారైనా ఆ మాట అంటుందేమో అని చూసేవాణ్ని. అనలేదు. ఇన్నేళ్లుగా రాణి గౌను నా చేతిమీదుగా పోతుంటే, అది ఎలా నడుస్తుందో చూద్దువు రమ్మని ఒక్క ఏడైనా పిలవలేదు. బాగుంది అని ఒక్క మాట. అది పెట్టుకుని నేనేం చేసుకుంటానని అడగొద్దు. నాకు కావాలి.

పోయిన సంవత్సరం కాక అంతకు ముందు సంవత్సరం, ఆవిడ చీటీ లేకుండా వచ్చింది. గౌను బల్ల మీద పెట్టి, కోటు విప్పి, రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడింది.

"కొలతలు తీసుకో."

"ఎవరివి?"

"నావి. పిల్లలెవరూ లేరు ఖయ్యాత్. చంటివాళ్లు ఇద్దరున్నారు, నడవలేరు. ఖలాస్."

టేపు పెట్టాను. దగ్గరగా చూస్తే ఆవిడ ఎంత చిన్న మనిషో తెలిసింది. అయినా పిల్లల గౌను కదా, అన్ని కుట్లూ చివరంటా విప్పాల్సి వచ్చింది. నడుము దగ్గర, పక్కల, వీపున, లోపలున్న గుడ్డంతా బయటికొచ్చింది. సరిగ్గా సరిపోయింది. కుడి చంక కింద ఒక్కచోట మాత్రం వదలడానికేమీ లేదు. ఆ ఎర్ర ముడి కదలకూడదని, అది వేసిన రోజే అక్కడ గుడ్డ దగ్గరగా కత్తిరించి కుట్టాను. ఆవిడ పరదా వెనక వేసుకుని బయటికొచ్చింది. మస్తాన్ ఇస్త్రీ పెట్టె నిలబెట్టేశాడు. "రాణమ్మా!" అన్నాడు, ఈసారి వెక్కిరింత లేకుండా.

ఆవిడ అద్దంలో చూసుకుంది. కుచ్చులు సర్దుకుంది. నేను టేపు చుడుతూ ఆవిడ నోటి వంకే చూశాను.

"చెయ్యి బిగుతుగా ఉంది" అంది.

"బిగుతు కాదు. మీరు చెయ్యి ఎక్కువ ఎత్తుతున్నారు."

"రాణి చెయ్యి ఎత్తదా?" గౌను సంచిలో పెట్టుకుంటూ ఆగింది. "ఈసారి నువ్వూ రా. దారిలో చిరిగితే కుట్టడానికి మనిషి కావాలి."

అదీ పిలుపు. అన్నేళ్ల తర్వాత వచ్చిన పిలుపు, రిపేరు మనిషికి పిలుపు. వెళ్లకూడదనుకున్నాను. "పోన్నా, ఒక మాట అంటాదేమో అందరి ముందర" అన్నాడు మస్తాన్. వెళ్లాను.

సర్దాబ్ తలుపు దగ్గర నిలబడ్డ కుర్రవాడు నన్ను చూసి, "బిర్యానీ ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు. హోటల్ నుంచి వచ్చాననుకున్నాడు. రాణి గౌను దర్జీనన్నాను. నమ్మినట్టు లేదు. వెనక కుర్చీ చూపించాడు. లోపల చాలా కుర్చీలు వేశారు, సగం ఖాళీ. ఉన్నవాళ్లంతా ముసలివాళ్లు. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, ఎక్కడెక్కడికో వెళ్లిపోయినవాళ్లు అందులోంచి చూస్తున్నారు.

డోలు పాట పెట్టారు. ఆవిడ వచ్చింది. నెత్తిన బంగారు కాగితం కిరీటం, చేతుల్లో రెండు తెల్ల పావురాలు. ఎవరూ నవ్వలేదు. అందరూ లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఆ గౌను నడవడం నేను చూడటం అదే మొదలు. ముదురు చారలు, వెలిసిన చారలు అడుగడుక్కీ కదిలాయి. ఆవిడ ఎవరి వంకా చూడకుండా నడిచింది. వీధి అయి ఉంటే వీధంతా జనం ఉన్నట్టే నడిచింది.

మధ్యలో ఆగి పావురాన్ని వదలడానికి కుడి చెయ్యి పైకెత్తింది. టర్రుమంది. అంత డోలులోనూ నాకు వినబడింది. ఆవిడ చెయ్యి దించలేదు. చిరిగిన చేతిని అలాగే ఎత్తి పట్టుకుని చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి, "యా ఖయ్యాత్!" అని అరిచింది. సర్దాబంతా నా వైపు తిరిగింది.

వెళ్లాను. "తీసివ్వండి, కుట్టి ఇస్తాను."

"రాణి జనం ముందు బట్టలు విప్పుతుందా? ఇలాగే కుట్టు. మళ్లీ వెనక్కి నడవాలి."

"ఒంటి మీద ఉండగా కుట్టకూడదు."

అది మా అమ్మ మాట. ఒంటి మీద బట్టకు సూది పెడితే ఆయుష్షు తగ్గుతుందనేది. తప్పదనుకున్నప్పుడు మమ్మల్ని ఒక పుల్ల నోట పట్టుకోమనేది, దోషం దానికి పోతుందని. అరబీ వింటే అర్థమయ్యేది, మాట్లాడటానికొస్తే కొలతల వరకే. ఇదంతా అందులో చెప్పడానికి తంటాలు పడ్డాను. ఆవిడ విసుగ్గా వింది. పుల్ల ఎక్కడుంది అక్కడ? పావురం ఎగిరేటప్పుడు రాలిన ఈక ఒకటి కింద పడి ఉంది. దాన్ని తీసిచ్చాను. వాదిస్తుందనుకున్నాను. ఈక పళ్ల మధ్య పట్టుకుని, చెయ్యి ఎత్తి నిలబడింది. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూసింది ఆ కాసేపే.

జేబులో ఎప్పుడూ ఉండే సూదిలో ఆ రోజు ఎర్ర దారం ఉంది, ముడి కోసం ఎక్కించింది. నీలం తేలేదు. ఎర్ర దారంతోనే కుట్టాను. కుట్టడం అయ్యాక ఈక తీసి, చంక కింద ఎర్రటి గీతను చూసుకుంది. నేను ఎదురు చూశాను. నిజంగా ఎదురు చూశాను.

జనం వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. అందరూ పగలబడి నవ్వారు. తలుపు దగ్గరి కుర్రవాడు నాకు అరబీలో చెప్పాడు. "చూశారా, కుడి చెయ్యి, మళ్లీ ఈ హిందీవాళ్లే" అందట. అప్పుడు ఆవిడ కూడా నవ్వింది. పళ్లు కనబడేట్టు నవ్వడం మళ్లీ చూడలేదు.

తర్వాత వారం గౌను తెచ్చి నా దగ్గరే పెట్టింది. "చెయ్యి వదులు చేసి ఉంచు. వచ్చే మార్చికి వస్తాను. అప్పటికీ పిల్లలెవరూ ఉండరు." వదులు చేస్తానని నేననలేదు. అది బిగుతు కాదు.

మార్చి వచ్చింది. "రాణమ్మ ఇంకా రాలేదేందన్నా?" అని మస్తాన్ అడుగుతూనే ఉన్నాడు. "రానీ, నాకేం" అన్నాను. మార్చి పోయింది, వాళ్ల పండగా పోయింది. గౌను సంచిలో పెట్టుకుని రెండు బస్సులు మారి సాల్మియా వెళ్లాను. ఎప్పుడో మాటల్లో బిల్డింగ్ గుర్తు చెప్పింది. కింద పార్లర్ ఉంది, ఆ రాణి పేరుతోనే. బిల్డింగ్ కాపలా చూసే ఈజిప్టు ఆయన, "ఆ టీచరమ్మా? చలికాలంలోనే పోయింది. చర్చివాళ్లు వచ్చి తీసుకెళ్లారు. గదిలోకి వేరేవాళ్లొచ్చారు. నువ్వెవరు?" అన్నాడు.

నువ్వెవరంటే ఏం చెప్పను? ఖయ్యాత్‌నన్నాను. ఆయన సంచి వంక చూసి, "ఆమె తీసుకోలేదా?" అన్నాడు. లేదన్నాను.

నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? నా పేరు ఎవరికి తెలుసు? తిరుగు బస్సులో సీటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఈక పట్టుకుంది కదా, దోషం దానికే పోయి ఉంటుంది అనుకున్నాను. అబ్బాసియా వచ్చేదాకా అదే అనుకున్నాను.

పావురాలు ఇప్పటికీ గడప ముందుకొస్తాయి. నేను వెయ్యను. మస్తాన్ వేస్తాడు, నేను చూడనప్పుడు.

గౌను చెయ్యి విప్పాను. చంక కింద నీలం ముక్క ఒకటి వేసి వదులు చేశాను. ఎర్ర కుట్టు మాత్రం తీయలేదు, ముక్క పక్కనే ఉంచాను. ముక్కకు లోపల గుడ్డ కూడా వదిలాను. అంతమాత్రాన బిగుతుగా ఉండేదని నేను ఒప్పుకున్నట్టు కాదు. ఆవిడ చెయ్యి ఎక్కువ ఎత్తింది. కాదనేవాళ్లెవరైనా ఉంటే వచ్చి, ఆ గౌను వేసుకుని, ఆవిడ ఎత్తినంత ఎత్తు చెయ్యెత్తి చూపించి, అప్పుడు మాట్లాడమనండి. షాపు తెరిచే ఉంటుంది.